అరవై రెండు కాగితాల దొంతర

"అరవై రెండు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, పెన్సిలు మొనతో తడి కాగితాల దొంతరను చూపిస్తూ. "నేనే స్వయంగా లెక్కపెట్టాను గురువుగారూ. మిల్లు సైరన్ మోగగానే ఆరింటికి పని మొదలు. నిమిషానికి ఒక కాగితం. అంటే ఏడూ రెండు నిమిషాల దాకా ముసలాయన చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఏడూ అయిదుకి కూతురు లోపలికొచ్చింది. ఏడూ పదికి కేకలేసింది. ఆ మధ్యలో ఇంకెవరూ లేరు. ఇంతకన్నా ఏం కావాలి?"

'గురువుగారూ' అన్నాడు గాని అందులో గౌరవమేమీ లేదు. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడు. నేను పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా నేర పరిశోధనలు చేసుకుంటున్న ఈ పదకొండేళ్ళలో ఎక్కడ ఎదురుపడినా ఆ పిలుపుతోనే నన్ను గిల్లుతాడు. మామూలుగా అయితే నేనూ ఏదో ఒకటి అంటించేవాణ్ణే. ఈ రోజు నేల వైపు చూశాను.

కాగితపు గుజ్జు తొట్టి పక్కన నేల మీద సుద్దముక్కతో ఒక మనిషి ఆకారం గీసి ఉంది. నిన్న సాయంత్రం ఆ మనిషి పక్కనే నిలబడి నేను కాగితం చేయడం నేర్చుకున్నాను.

నేను ఈ ఊరికి పని మీద రాలేదు. పదిహేను రోజుల సెలవు, ఒక సంచీ, ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగడం. అలా దిగిన వీధిలో 'చేతి కాగితం. చూడవచ్చు, చేయవచ్చు' అని బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్ళాను. పెద్దమేస్త్రికి డెబ్భై ఏళ్ళుంటాయి. నీళ్ళలో నాని నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. గుజ్జు కలిపిన నీళ్ళలో జాలీ చట్రాన్ని ముంచడం, అడ్డంగా పైకి తేల్చడం, ముందుకొకసారి, పక్కకొకసారి ఊపడం, నీరు జారిపోయాక ఒక కంబళి ముక్క మీద బోర్లించడం, దాని మీద మరో కంబళి ముక్క పరచడం. ఆయన చేస్తుంటే ఇంతేనా అనిపించింది. నేను చేస్తే మొదటి నాలుగూ ముద్దలయ్యాయి.

అయిదోది నుంచి కాగితమనే వస్తువు తయారైంది. కానీ ప్రతిదానిలోనూ ఒకే లోపం. నా ఎడమచేతి ఉంగరపు వేలు ఎప్పుడో ఒక కేసులో తలుపు సందున పడి నలిగింది. అప్పట్నుంచి వంగదు. చట్రం పైకి లేపగానే ఆ వేలి వెంబడి జారిన నీటిచుక్క తడి కాగితం మీద టప్పున పడేది. చుక్క పడిన చోట గుజ్జు చెదిరి పలచబడుతుంది. తడిగా ఉన్నప్పుడు కంటికి ఆనదు. ఒత్తి, వెలుగుకి పట్టి చూస్తే చిన్న కన్నులా తెలుస్తుంది.

"దీన్ని మేం కన్నీరంటాం బాబూ," అన్నాడు పెద్దమేస్త్రి నవ్వుతూ. "కొత్తవాళ్ళందరికీ పడుతుంది. కాకపోతే ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. మీకు మాత్రం చుక్క ఇరవై రెండుసార్లూ అదే మూల పడడం చూశాను. ఇంక మీకు సంతకమెందుకు?"

తర్వాత చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "మీరు పరిశోధన చేస్తారట గదా. నా కాగితం మీద ఎవరో అబద్ధాలు రాస్తున్నారు బాబూ. మీతో ఒక మాట చెప్పాలి."

నేను ఏమన్నానో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. "సెలవులో ఉన్నాను మేస్త్రిగారూ. రేపు చూద్దాం," అన్నాను.

"అలాగే బాబూ, ఎనిమిదింటికి రండి. మీ కాగితాలు తడిగుడ్డ కప్పి ఆ పలక మీద ఉంచుతాను. రేపు నా దొంతరతో కలిపి ఒత్తుదాం," అన్నాడాయన. ఎనిమిదింటికి నేను వచ్చేసరికి గుమ్మం ముందు పోలీసు జీపు ఆగి ఉంది. కాగితాలు ఒత్తే మరని తిప్పే ఇనప కడ్డీతో ఆయన తల వెనక ఒక్కటే దెబ్బ. ఆ ఒక్క పూట నేను సెలవు మానుకుని ఉంటే ఆయన బతికి ఉండేవాడు. ఈ మాట అప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

"డాక్టరేమంటాడు?" అని అడిగాను.

"ఆరున్నరకీ ఏడున్నరకీ మధ్య అంటాడు. అంతకన్నా కచ్చితంగా చెప్పలేడట. అందుకే కదా ఈ దొంతర నాకు దేవుడిలా దొరికింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పన్నెండింటికి ఆవిణ్ణి తీసుకెళ్తున్నాను. మాట్లాడాలంటే మీకు అరగంట ఇస్తా. పాత పరిచయం కాబట్టి."

కూతురు లోపలి గదిలో కంబళి ముక్కల కట్ట మీద కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పక్కన ఒక మహిళా కానిస్టేబుల్. ఏడ్చి ఏడ్చి కూతురి మొహం వాచిపోయింది. చేతులు మాత్రం ఒడిలో ఊరికే ఉండలేక ఒక కంబళి అంచుని సాపు చేస్తున్నాయి.

"పొద్దున ఎక్కడున్నావమ్మా?"

"ఆరున్నర నుంచి ఏడు దాకా వీధి కుళాయి దగ్గరున్నాను సార్. నా ముందు నలుగురు, వెనక ముగ్గురు. ఎవర్నడిగినా చెప్తారు. బిందెలు ఇంట్లో పెట్టేసి నాన్నకి టీ తీసుకుని వచ్చాను. చూసేసరికి..." అని ఆగిపోయింది. "అయిదు నిమిషాలు అలాగే నిలబడిపోయాను సార్. అరవాలని కూడా తోచలేదు. ఆ అయిదు నిమిషాలే ఇప్పుడు నా మెడకి చుట్టుకున్నాయి."

"నిన్న సాయంత్రం మీ నాన్నతో గొడవపడ్డావని, 'ఈ తొట్టే నిన్ను మింగేస్తుంది' అన్నావని పక్కింటివాళ్ళు చెప్పారట."

"అన్నాను సార్. నా నోరు పడిపోను. కానీ అది వేరే సంగతి." ఆమె కానిస్టేబుల్ వైపు చూసి గొంతు తగ్గించింది. "పోయిన వారం ఒకాయన పాత దస్తావేజు పట్టుకొచ్చాడు. ఏదో ఇంటి తగాదా అట. 'ఇది మీ కాగితమేనా?' అని అడిగాడు. దాని మీద యాభై ఏళ్ళ కిందటి తేదీ ఉంది. నాన్న వెలుగుకి పెట్టి చూశాడు. మా చట్రం జాలీ తెగితే మూడేళ్ళ కిందట అతుకేశాం. ఆ అతుకు గీత అందులో కనబడుతోంది సార్. మూడేళ్ళ కిందట వేసిన అతుకు యాభై ఏళ్ళనాటి కాగితంలోకి ఎలా వస్తుంది?"

"ఎవరిస్తున్నారు ఆ కాగితం?"

"నాన్నకి తెలుసు. నాకు చెప్పలేదు. పోలీసులకి చెప్పమని అరిచాను. 'ఇంటి సంగతి, ముందు ఆ పరిశోధన చేసే బాబుగారితో చెప్తా' అన్నాడు. దానికే గొడవ."

ఇంటి సంగతి అన్నాడంటే ఇంట్లోవాళ్ళే. ఈ ఇంట్లో మిగిలింది ఇంకెంతమంది? ఆమె, ఆమె బాబాయి.

ఆ బాబాయినే అందరూ చిన్నమేస్త్రి అంటారు. అన్నగారి కన్నా పదిహేనేళ్ళు చిన్న. తయారైన కాగితం కట్టలు రోజూ ఏడింటి బస్సులో పట్నం చేర్చడం ఆయన పని. నిన్న నేను కాగితాలు పాడుచేస్తుంటే పక్కనే నిలబడి కడుపుబ్బ నవ్వాడు. సాయంత్రం మూల మీది టీ కొట్టు దగ్గర గంటసేపు కబుర్లు చెప్పుకున్నాం. చెప్పుకున్నాం అంటున్నాను గాని చెప్పిందంతా నేనే. సెలవులో ఉంటే నాకు కాళ్ళూ చేతులూ విశ్రాంతి తీసుకుంటాయి, నోరు తీసుకోదు. పాత కేసులు నాలుగైదు ఏకరువు పెట్టాను. "చచ్చిన వేళ తేలితే చంపినవాడు తేలినట్టే," అని గొప్పలు పోయాను. ఆయన కళ్ళార్పకుండా విన్నాడు.

కబురు అంది పట్నం నుంచి తిరిగొచ్చిన ఆయన ఇప్పుడు తొట్టి దగ్గర ఇన్‌స్పెక్టర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ ఏడుపు దొంగేడుపు కాదు. ఇప్పటికీ నాకు ఆ విషయంలో అనుమానం లేదు.

"చిన్నమేస్త్రిగారూ, మీరు ఎన్నింటికి బయల్దేరారు?" అని అడిగాను.

"ఆరూ యాభైకండీ. అన్నయ్య తొట్టి దగ్గర పనిలోనే ఉన్నాడు. వెళ్ళొస్తానంటే తలూపాడు. అయిదు నిమిషాల్లో స్టాపులో ఉన్నాను. టీ కొట్టాయన చూశాడు. ఏడింటికి బస్సెక్కాను. కండక్టరుకి నేను తెలుసు."

"పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇక్కడే ఉన్నారా?"

"ఆరుంబావు నుంచి ఆ మూల కట్టలు కట్టుకుంటూ ఉన్నానండీ."

"నిన్న నేను చేసిన కాగితాలు ఏమయ్యాయి? ఆ పలక మీద ఉంచుతానన్నారు మీ అన్నగారు." పలక ఖాళీగా ఉంది.

ఆయన కొంచెం నొచ్చుకున్నట్టు నవ్వాడు. "ఏమనుకోకండి. మీరు వెళ్ళగానే నేనే తొట్టిలో కలిపేశాను. మొదటిరోజు కాగితాలు ఎవరివైనా అంతేనండీ, మళ్ళీ గుజ్జులోకే." తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "సార్, ఈ దొంతర కూడా ఒత్తకుండా ఇలాగే ఉంటే కంబళ్ళతో సహా కుళ్ళిపోతుంది. అన్నయ్య చేతిది చూస్తూ కుళ్ళనివ్వలేను. మీ పనైపోతే దీన్ని కూడా తొట్టిలో కలిపేస్తాను."

"ఫొటోలు తీశాం, లెక్క రాసుకున్నాం. కానివ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

చిన్నమేస్త్రి చెయ్యి దొంతర పై కంబళి మీద పడింది. కాగితం మీద ప్రాణం పెట్టిన అన్నగారు పోయి అయిదు గంటలు కాలేదు. ఆయన ఆఖరి కాగితాలను దాచుకోవాలని ఏ తమ్ముడికైనా అనిపిస్తుంది. ఈయనకి కలిపేయాలన్న తొందర ఎందుకు?

"ఆగండి," అన్నాను. "ముందు దీన్ని ఒత్తించండి. ఒక్కొక్క కాగితం వెలుగులో చూడాలి."

ఇన్‌స్పెక్టర్ ఇంతెత్తున లేచాడు. "చూడండి, ఇది నా కేసు. మీరు సెలవులో ఉన్న బాటసారి. కాగితాలు ఆరబెట్టుకుంటూ కూర్చోవడానికి నా దగ్గర తీరిక లేదు. ఏ అధికారంతో చెప్తున్నారు నాకు?"

"అధికారమేం లేదయ్యా. బతిమాలుతున్నాను," అన్నాను.

పదకొండేళ్ళలో ఎప్పుడూ నా నోటివెంట ఆ మాట విని ఉండడు. కాసేపు నా మొహంలోకి చూశాడు. "పన్నెండు దాకానే," అని గడియారం చూసుకున్నాడు. పదకొండూ పది.

మర తిప్పడం చేతనైంది ఇక్కడ ఇద్దరికే. చిన్నమేస్త్రి, "నా వల్ల కాదు," అన్నాడు. కూతుర్ని పిలిపించాను. ఇనప కడ్డీని పోలీసులు పట్టుకెళ్ళారు కాబట్టి తలుపుకి అడ్డం వేసే కర్ర తెచ్చి మర చక్రంలో దూర్చింది. పాదాలు నేలకి తన్నిపెట్టి లాగింది. దొంతర అణుగుతూ నీళ్ళు కారాయి. ఆ నీళ్ళు పారి సుద్దగీతని ఒక పక్క చెరిపేశాయి. ఆమె అటు చూడకుండా రెండోసారి లాగింది.

తర్వాత పై కంబళి తీసి మొదటి కాగితాన్ని రెండు మూలలూ పట్టుకుని కిటికీకి ఎత్తింది. అలాగే ఉండిపోయింది.

"ఇది నాన్నది కాదు," అంది.

"అదెలా తెలుసు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కన్నీరుంది సార్. నాన్న కాగితంలో కన్నీరు ఉండదు. నేను పుట్టిన తర్వాత ఒక్కటి కూడా చూడలేదు."

రెండోది ఎత్తింది. మూడోది. అన్నిట్లోనూ ఎడమవైపు పైమూల ఒక చిన్న వెలుగు చుక్క. కానిస్టేబుల్ గట్టిగా లెక్కపెట్టింది. ఇరవై రెండో కాగితం దాకా చుక్క ఉంది. ఇరవై మూడోది ఎత్తగానే లేదు. అంతటా ఒకే మందం, నీటిలో చంద్రుడు పరుచుకున్నట్టు ఒకే వెలుగు. ఆ కిందివన్నీ అంతే. అవి నలభై.

ఇన్‌స్పెక్టర్ తెలివితక్కువవాడు కాదు. అతని తెలివి అటు తిరగడమే నన్ను భయపెట్టింది. "అయితే పై ఇరవై రెండూ ఈవిడే చేసి ఉండాలి. తండ్రిని కొట్టేసి, టైము కలవడానికి..."

"అది నా పని," అన్నాను.

"ఏమిటి?"

"ఆ ఇరవై రెండూ నేను చేసినవి. నిన్న సాయంత్రం."

మాటలతో నమ్మడని తెలుసు. చొక్కా చేతులు మడిచి తొట్టి దగ్గరికి వెళ్ళాను. నిన్న నా పక్కన ఆయన నిలబడిన చోట ఎవరూ లేరు. చట్రం ముంచి, తేల్చి, ముందుకీ పక్కకీ ఊపి పైకి లేపాను. వంగని వేలి మీంచి చుక్క జారి కాగితం మీద పడింది. కంబళి మీద బోర్లించాను. కూతురు దాన్ని చేత్తోనే ఒత్తి నీరు పిండి, వణుకుతున్న తడి కాగితాన్ని కిటికీకి పట్టింది. ఎడమవైపు పైమూల. ఇన్‌స్పెక్టర్ దొంతరలోని కాగితాన్ని దాని పక్కన పెట్టి రెండిటినీ చూశాడు. ఈసారి గురువుగారూ అనలేదు.

"ముసలాయనే వీటిని తన దొంతరలో కలిపాడేమో?" అన్నాడు చివరికి.

"కలిపి ఒత్తుతాం సార్," అంది కూతురు. "కాకపోతే కొత్తవాళ్ళవి అడుగున పెట్టి పైన మావి వేస్తాం. గుజ్జు ఎగుడుదిగుడుగా ఉంటుంది, బరువు పడితేగాని సర్దుకోదు. పైన పెట్టడం ఈ ఇంట్లో ఎవరూ చేయరు."

"తొందరలో ఉంటే చేస్తారమ్మా," అన్నాను. "అడుగున పెట్టాలంటే నలభై తడి కాగితాలు కంబళ్ళతో ఎత్తాలి. దానికి ఇద్దరు కావాలి. రెండోమనిషి అప్పటికే కింద పడి ఉన్నాడు."

చిన్నమేస్త్రి వైపు తిరిగాను.

"నలభై కాగితాలంటే ఆరూ నలభైకి ఆయన చేతులు ఆగిపోయాయి. అప్పుడు ఈ అమ్మాయి కుళాయి దగ్గర ఏడుగురి మధ్య ఉంది. చిన్నమేస్త్రిగారూ, మీరు ఆరుంబావు నుంచి ఆరూ యాభై దాకా ఈ గదిలోనే ఉన్నానన్నారు. వెళ్తుంటే అన్నయ్య తలూపాడన్నారు. నా కాగితాలు నిన్ననే గుజ్జులో కలిపేశానన్నారు. ఇందులో ఏది నిజం?"

ఆయన అబద్ధమాడడానికి ప్రయత్నించలేదు. తొట్టి అంచు పట్టుకుని మెల్లగా కిందికి జారి, నేల మీద చతికిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు ముందుకేస్తే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"దస్తావేజులకి కాగితం ఇచ్చింది మీరే."

"నేనే. పొగబెట్టి పసుపెక్కించి ఇచ్చేవాణ్ణి. మూడేళ్ళ నుంచి."

"బాబాయ్..." అంది కూతురు.

"ఆ దొంగ దస్తావేజుల వాళ్ళు మంచివాళ్ళు కాదమ్మా. బయటపడితే నన్ను బతకనివ్వరు. పొద్దున అన్నయ్య కాళ్ళు పట్టుకున్నాను. 'ఎనిమిదింటికి ఆయనొస్తాడు, చెప్పేస్తాను. నువ్వు కూడా చెప్పేయ్, తల దించుకునైనా బతుకుదాం,' అని మళ్ళీ చట్రం ముంచాడు. నా మొహం కూడా చూళ్ళేదు. కడ్డీ చేతికందింది." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "తర్వాత టైము సంగతి గుర్తొచ్చింది."

ఆ టైము సంగతి ఎక్కడ విన్నాడో ఎవరూ అడగలేదు. నేను మాత్రం వినగానే గుర్తుపట్టాను. అది నిన్నటి నా మాటే.

అయినా ఒకటి మిగిలిపోయింది. అడక్కుండా ఉంటే బాగుండేది. వృత్తి అలవాటు, నోరు ఊరుకోలేదు.

"మీ అన్నగారు వారం రోజులుగా అనుమానిస్తూనే ఉన్నారు. ఒక్కసారి కూడా మిమ్మల్ని నిలదీసినట్టు లేదు. మరి ఈ రోజు ఎనిమిదింటికి నాతో చెప్పబోతున్నారని పొద్దున్నే కాళ్ళు పట్టుకోవాల్సినంతగా మీకెలా తెలిసింది? ఎవరు చెప్పారు?"

చిన్నమేస్త్రి తలెత్తి నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యం ఉంది.

"మీరే కదండీ," అన్నాడు. "నిన్న టీ తాగుతూ. 'మీ అన్నగారి కాగితం మీద ఎవరో అబద్ధాలు రాస్తున్నారట, రేపు ఎనిమిదింటికి చెప్తానన్నారు. మీకేమన్నా తెలుసా?' అని నవ్వుతూ అడిగారు. అప్పటిదాకా అన్నయ్యకి తెలుసన్న సంగతే నాకు తెలీదు."

ఇన్‌స్పెక్టర్ నావైపు చూసి, వెంటనే కళ్ళు తిప్పుకున్నాడు. నన్ను గిల్లడానికి అంతకన్నా మంచి అవకాశం అతనికి జీవితంలో దొరకదు. అతను ఒక్క మాట కూడా అనకపోవడం నాకు ఇంకా కష్టంగా తోచింది.

కూతురు కిటికీ దగ్గరే ఉంది. బాబాయి వైపు చూడటం మానేసి నన్ను చూస్తోంది. ఇప్పుడే నేను చేసిన తడి కాగితం ఇంకా ఆమె వేళ్ళ మధ్య వేలాడుతోంది. దాన్ని చింపలేదు, నాకివ్వలేదు. తొట్టి దగ్గరికి వచ్చి మెల్లగా నీళ్ళలోకి వదిలింది. అది విడిపోయి గుజ్జులో కలిసిపోయే దాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

"మీరు వెళ్ళండి సార్," అంది.